బావ రాసిన ఆడమగ పరీక్ష

ప్రియమైన అక్కకు, తిరువళ్ళూరు నుంచి నీ చెల్లెలు మొక్కి రాసుకుంటున్న సంగతులు.

నేనిక్కడ క్షేమం. నువ్వు, పిల్లలు, అయ్య, అమ్మ అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా గురించి దిగులు పడొద్దు, నిజంగా బాగున్నాను. ఇక్కడి ఎండ మన తిరుత్తణి ఎండకు అన్న. రవికలు కుట్టే అంగట్లో పని బాగానే ఉంది. మెస్సులో సాంబారు తియ్యగా ఉంటుంది, అదొక్కటే కష్టం. సాయంత్రమైతే తెలుగు మాట్లాడేవాళ్ళు లేక కుట్టుమిషనుతో మాట్లాడుతున్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే ఊరమిరపకాయలు పంపు.

బావ ఇంటికొచ్చి ఏం చెప్పాడో గానీ, జరిగింది ఇది.

నేను ఆడదాన్నంటే అయ్య నమ్మలేదు కదా. "పట్నం డాక్టరు చెప్తే నోరు మూసుకుంటా. లేదంటే మామ కూతురికి తాళి కట్టాల్సిందే" అని బావను తోడు పంపాడు. నేను చీర కట్టుకునే బయల్దేరాను. నా బతుకే కాదు, ఆ పిల్ల బతుకు కూడా డాక్టరమ్మ మాట మీదే ఉంది.

ఆమె ఒక ప్రశ్నల కాగితం ఇచ్చింది. మనసు ఆడదో మగదో తేల్చే పరీక్షట, సీమదొరల సరుకు. పూలు ఇష్టమా, వంట చేస్తావా, ఏడుపు తొందరగా వస్తుందా, యంత్రాలు విప్పుతావా అని. మిషను విప్పి బిగిస్తానని నిజమే రాశాను. బావ తొంగిచూసి మీసం దువ్వాడు.

"నాకూ ఒక కాయితం ఇయ్యండమ్మా. మగోని జవాబు ఎట్లుంటాదో ఈడికి చూపిస్తా."

పూలా? మల్లెతోట ఆయనదే. వంటా? ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ ఆయన పులుసే. ఏడుపా? "నాటకంలో ద్రౌపదమ్మ జుట్టు పట్టుకుంటే ఎవురికి రాదమ్మా?" అన్నాడు. యంత్రాలా? "మోటారు ముట్టుకుంటే షాకు కొడతాది!" ఆఖర్న మనిషి బొమ్మ గీయమంటే, నగలన్నీ పెట్టి మన తిరుత్తణి గుడిలోని వల్లెమ్మ తల్లిని గీశాడు.

డాక్టరమ్మ రెండు కాగితాలూ దిద్ది, నవ్వు ఆపుకుంటూ బావతో తమిళంలో అంది: "ఈ లెక్కన మీ ఇద్దరిలో ఆడమనసు మీదేనండీ."

బావ లేచి నిలబడ్డాడు. "కాయితం తప్పు! నేను మగోణ్ణని నాకు తెలీదా? పుట్టినకాడి నుంచీ తెలుసు. కాయితం చెప్పేదేంది?"

"మరి ఈమె కూడా చిన్నప్పటి నుంచి అదే మాట చెబుతోంది కదా?"

బావ మీసం దువ్వడం మాని కూర్చున్నాడు.

తర్వాత ఆమె కాగితాలు పక్కన పెట్టి, నా కథంతా నా నోటితో చెప్పించుకుంది. ఏడ్చాను, చెప్పాను. మళ్ళీ కొన్నిసార్లు రమ్మంది. "పెళ్ళి మాట ఎత్తొద్దు, ఇద్దరి బతుకులూ పాడవుతాయి" అని బావతో గట్టిగా చెప్పింది.

పట్నం సెంట్రల్ స్టేషన్లో ఎలక్ట్రిక్ రైలు కిక్కిరిసి ఉంది. ఎప్పటిలాగే మగవాళ్ళ మధ్యకు దూరబోతుంటే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన నన్ను 'రేయ్' తప్ప వేరే పిలిచింది లేదు.

"ఈడ యాడ నలుగుతావు? ఆడోళ్ళ పెట్టె ముందరుంది. పోమ్మా."

భయపడుతూనే ఎక్కాను. కీరల గంప పెట్టుకున్న ముసలావిడ నన్నోసారి చూసి, "ఉక్కారుమ్మా" అని తమిళంలో కూర్చోమంటూ కాళ్ళు ముడుచుకుని జాగా ఇచ్చింది. తిరువళ్ళూరు దాకా కూర్చునే వచ్చానక్కా.

అయ్యకు నువ్వే నెమ్మదిగా చెప్పు. మామ కూతురికి మంచి సంబంధం చూడమను. పెద్దలందరి కాళ్ళకూ నా మొక్కులు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన ఒక్క ముక్కలో రాసి పంపినా చాలు.

నీ చెల్లెలు,
వసంత