గ్రంథాలయంలో మిరపకాయలు

ప్రెసిడెంటు చెన్నకేశవులు గారికి,

బావా అని పిలవడం ఎన్నికలప్పుడే మానేశాను. బడికి సెలవులిచ్చిన మర్నాడే మీరు పంచాయతీ గ్రంథాలయం నిండా మీ మిరపకాయల బస్తాలు వేయించి తాళం పెట్టారు. అడిగినవాళ్లతో, "రేటొచ్చిందాకా అంతే. ఎండాకాలం పుస్తకాలు సదివేదెవడ్రా?" అని నవ్వారట. అక్కడి పుస్తకాలన్నీ నేను రెండేసిసార్లు చదివాను, నాకోసం అడగడం లేదు. పిల్లలు చదువుతారు. ఈ ఎండల్లో మధ్యాహ్నం వాళ్లు కూర్చోడానికి ఊళ్లో ఉన్న చల్లని చోటు అదొక్కటే. అది పోయాక బావుల మీద పడ్డారు. మొన్న జాన్‌బీ కొడుకు ఈత రాక మునిగిపోతుంటే జుట్టు పట్టి పైకి లాగాం. వాడు పోయుంటే ఆ తల్లికి ఏ బస్తా ఇచ్చి సరిపెట్టేవారు?

ఇవాళ కొందరు పిల్లలు కిటికీ ఊచ వంచి లోపల దూరారు. ఘాటుకు తుమ్ముకుంటూ, ఏడ్చుకుంటూ, ఒక్క బొమ్మల పుస్తకం పట్టుకుని నా అరుగు మీదికొచ్చి పడ్డారు. వాళ్లలో మీ మనవడూ ఉన్నాడు.

"ఏందిరా, మీ తాతనడిగి తాళం తీయించలేకపోయావా?" అన్నాను.

"అడిగా తాతా. కాయలు అమ్మినాక సదువుకోమన్నాడు. అప్పటికి బడి తెరుస్తారుగా?" అన్నాడు.

ఈ ఉత్తరం వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. వాడి కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. జవాబు నాకు అక్కర్లేదు, వాడికి చెప్పండి.

ఇట్లు,
మీకు ఓటు వేయనివాడు