ఆర్కిడ్ కాడల కషాయం

మార్చి 3

పేపర్లో మా ల్యాబ్ సార్ ఫొటో. చేతిలో ఆర్కిడ్ కుండీ, మొహంలో పెళ్లికొడుకు నవ్వు. పువ్వు కాడలో క్యాన్సర్‌కి మందు దొరికిందని హెడ్డింగ్. ఆ కాడలు ఎండబెట్టి, దంచి, చిటికెడు పదార్థం తీయడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఫొటోలో నేను లేను. పోనీ. ఆ పదార్థం చంపింది ల్యాబ్ ప్లేట్లో పెంచిన క్యాన్సర్ కణాల్ని, మనుషులకి ఇంకా ఇవ్వనేలేదు. ఆ ముక్క మాత్రం వేయలేదు.

మార్చి 4

అక్క ఆ పేపర్ కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకుంది. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డకి కీమో నడుస్తోంది, గడ్డ తగ్గుతోంది కూడా. ఇది మందవడానికి ఏళ్లు పడుతుందని ఫోన్లో చెప్పాను. నీ పని మీద నీకే నమ్మకం లేదే అని నవ్వింది.

ఏప్రిల్ 2

బావ నర్సరీలో ఆర్కిడ్లన్నీ ఊడ్చుకొచ్చాడు. కాడలు తరిగి, మరిగించి, పొద్దున్నే అక్కకి గ్లాసుడు. కీమో మానేశారు! మేం వాడిన జాతి ఇది కాదు. పైగా మా పదార్థం నీళ్లలో కరిగి చావదు, దాన్ని కరిగించే రసాయనం, సాల్వెంట్, పోయాల్సిందే. ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వాంతులు ఆగిపోయాయి చూశావా అంది అక్క. కీమో ఆపితే ఆగవా మరి?

ఏప్రిల్ 9, సాయంత్రం

ఇవాళ ఒక వరుస కణాల మీద ఉత్త సాల్వెంట్ పోశాను. అవీ చచ్చాయి. సాల్వెంట్ తగ్గించి మందు పోస్తే ఒక్కటీ చావలేదు. ఉత్త సాల్వెంట్ వరుస దండగని మొదట్లో తీసేయించింది సారే. ఇన్నాళ్లూ కణాల్ని చంపింది సాల్వెంట్. పువ్వుకేం తెలీదు.

ఏప్రిల్ 10

సార్ తలుపు వేసి, ఇంకోసారి చేయమన్నాడు. చేశానన్నాను. మళ్లీ చేయమన్నాడు. పేపర్‌వాళ్లకి చెబుదామంటే అందరి నోట్లో మట్టి కొడతావా అన్నాడు. అక్క సంగతి చెప్పాను. మంచి డాక్టర్ నంబర్ ఇచ్చాడు. వెధవ.

ఏప్రిల్ 10, సాయంత్రం

ప్లేట్ల ఫొటోలు బావకి చూపించాను. సార్ పెద్దా, నువ్వు పెద్దా అన్నాడు. ఫొటోలో నువ్వు లేవని కుళ్లు అని కూడా అన్నాడు. అక్క నా ఎదుటే గ్లాసు ఖాళీ చేసింది.

జూన్ 2

స్కాన్ వచ్చింది. కాలేయానికి పాకింది. ఇక కీమో తట్టుకోలేదన్నాడు డాక్టర్. బావ గోడకి తల కొట్టుకుంటున్నాడు. ఆ కొట్టుకునేదేదో రెండు నెలల ముందు కొట్టుకోవాల్సింది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు.

జూన్ 11

పూసిన కాడలో మందు ఎక్కువుంటుందా అని అక్క అడిగింది.

ఉంటుందన్నాను. నేనే మరిగించి ఇచ్చాను.