ఆకలిగొన్న స్పీకర్లకు చాలిన ఆంప్లిఫయర్

రేపు పొద్దున నా గొంతులో గడ్డ తీస్తారు. గొంతు మిగలకపోవచ్చని, ఒక్కోసారి మనిషే మిగలకపోవచ్చని డాక్టరుగారు సంతకం పెట్టించుకుని మరీ చెప్పారు. కాబట్టి, మైనారిటీ తీరిన కాలేజీ విద్యార్థినిని, ఇంటికి రెండో కూతురిని అయిన నేను, స్వస్థచిత్తంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. కోపంగా ఉన్న మాట నిజమే. కోపం వేరు, మతి చెడడం వేరు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అక్కది. మొగుడి మొహం చూసి మెత్తబడకూడదు.

2. మా నాన్నమ్మ తన చేతులతో నాకిచ్చిపోయిన రెండు స్పీకర్లు మా అమ్మకు చెందాలి. నేను ఆస్పత్రిలో చేరిన రోజే మా బావగారు వాటిని పాత సామాన్లవాడికి వేసేస్తానన్నారు. ఆ హక్కు ఆయనకు లేదు, రాదు, రాబోదు.

3. నా మంచం కింద ఉన్న బరువైన ఆంప్లిఫయర్ కూడా అమ్మకే. ఆ స్పీకర్లు కరెంటు గటగటా తాగే రకం. వాటి భారం మోయగలదాన్నే ఏరి తెచ్చాను. దాన్ని చూసి బావగారు, "ఏం మరదలా, ఏనుగును కొన్నావా? పెట్టెలు పేలిపోతాయి" అని ఇల్లంతా నవ్వించారు. "పిట్ట కొంచెం, కూత ఘనం" అంటూ తన అరచేతంత ఆంప్లిఫయర్ తగిలించారు. తన పుట్టినరోజున దాని వాల్యూమ్ చివరిదాకా తిప్పారు. శక్తి చాలనిదాన్ని అలా తిప్పితే శబ్దం పెరగదు, చిరుగుతుంది. ఆ చిరిగిన శబ్దానికే సన్నని స్వరాలు పలికే ట్వీటర్ కాలిపోయింది. పెద్దది పేలుస్తుందన్నారు, చిన్నదే కాల్చింది! పైగా "పాత పెట్టెలు, అంతే" అని తీర్పు. ఆడలేక మద్దెల ఓడు అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ నిఘంటువులోనూ లేదు.

4. సదరు అరచేతి ఆంప్లిఫయర్ బావగారికే. ఆయన సొత్తు ఆయనకే రాయడం అనవసరమని తెలుసు. అయినా రాస్తున్నాను. అది మళ్లీ ఆ స్పీకర్ల ఛాయలకు రాకూడదు.

5. నా నిఘంటువు అక్కకు. "ధార్ష్ట్యం: సిగ్గులేని తెగువ" అన్న చోట కింద గీత ఉంటుంది. ఎవరి గురించో అడగొద్దు.

6. నాన్నమ్మ బట్టలు కుడుతూ కూనిరాగం తీసిన క్యాసెట్, దాని ప్లేయర్ అమ్మకు. బావగారి పిట్ట మీద అది విన్నప్పుడు, "ఇది మా అత్తయ్య గొంతు కాదే" అన్నది అమ్మ ఒక్కతే. మిగతావాళ్లకు చెవులు అలంకారం.

7. ట్వీటర్ కొత్తది బిగించే వచ్చాను. ఏనుగుతోనే, చిన్నగా పెట్టి వినండి. కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపిస్తుంది. ఆ వెంటనే నాన్నమ్మ, "ఏమే, అక్కడే ఉన్నావా?" అంటుంది. "ఆఁ, ఉన్నా" అంటాను, చిన్నప్పటి నేను. రేపటి తర్వాత నా గొంతు ఎక్కడైనా మిగిలితే అక్కడే మిగులుతుంది. దాన్ని పాత సామాన్లలో వేయకండి.

వినేటప్పుడు బావగారు కూడా కూర్చోవచ్చు. వాల్యూమ్ మాత్రం ముట్టుకోకూడదు.

తేదీ: ఆపరేషన్‌కు ముందురోజు, మంగళవారం
సంతకం: రెండో కూతురు
సాక్షులు: వార్డు నర్సు, పక్క మంచం లెక్కల టీచరు