లాన్‌కు వేసిన చెరువు మట్టి

బుధవారం

యూరియా వద్దు, పురుగుమందు వద్దు, లాన్ సహజంగానే పెంచుతానని పట్టుబట్టింది నేనే. అందుకే కొల్లేరు పక్కన తమ్ముడు తన చెరువులో చేపలన్నీ పట్టేసి ఎండగట్టాక, అడుగు మట్టి నాలుగు బస్తాలు తెప్పించి ఇంటి ముందు పరిచాను. దాన్ని మించిన ఎరువు లేదని మా వైపు అందరూ అనే మాటే.

గడ్డి నిజంగానే నిగనిగలాడుతూ లేచింది. కానీ ఈ ఉదయం నీళ్లు పెట్టగానే వానపాములన్నీ మట్టిలోంచి పైకి పాకి, సిమెంటు బాట మీద మెలికలు తిరిగి చచ్చిపోయాయి. రోజూ వచ్చే గోరింకలు గోడ మీదే కూర్చున్నాయి, ఒక్కటీ కిందికి దిగలేదు.

తమ్ముడికి ఫోన్ చేశాను.

“చెరువులో ఏం వేశావురా?”

“అందరూ వేసేదేనక్కా. చేపకి పేను పడితే మందు కొట్టకుండా ఎలాగ? అయినా గడ్డి మనం తినేది కాదు కదా, భయమెందుకు?”

గడ్డి తినం, నిజమే. కానీ ఏడాదిగా ప్రతి ఆదివారం వాడు పంపిన ఆ చెరువు శీలావతి చేపలే పులుసు పెట్టాను. ఒక్క ముల్లయినా గుచ్చుకోకూడదని, వేలితో తడిమి తడిమి మా చిన్నమ్మాయికి తినిపించాను.