దవాఖానల షరీక్

మంగళవారం

పొద్దున పక్క వాటాలో ఉండే యాదమ్మగారు కళ్లు తిరిగి మెట్ల మీద పడిపోయారు. ఆ సమయానికి అన్ని వాటాల్లో కలిపి నేనొక్కదాన్నే ఉన్నాను. నేను పాఠాలు చెప్పే స్కూలుకు సెలవు చెప్పి, ఆవిణ్ణి ఆటోలో ఎల్‌బీ నగర్‌లోని ఆసుపత్రికి తీసుకెళ్లాను.

కౌంటర్లో అమ్మాయి ఫారం నింపుతూ, "పేషెంటుకు మీరేమైతరు మేడం?" అని అడిగింది. పక్కింటిదాన్నని చెప్పబోయాను. వీల్‌చెయిర్లోంచి యాదమ్మగారే, "నా చెల్లె. రాసుకో బిడ్డా" అన్నారు. ఉద్యోగం కోసం ఒంటరిగా దిల్‌సుఖ్‌నగర్ వచ్చి మూడేళ్లయింది. ఇక్కడ నన్నొకరు అలా అనడం ఇదే మొదటిసారి. ఫారం అందుకుని సంతకం పెట్టాను.

సెలైన్ ఎక్కించాక ఆవిడ తేరుకున్నారు. రెండు రోజులు ఉంచాలన్నారు డాక్టరు. మధ్యాహ్నం బడంగ్‌పేట్ నుంచి కూతురు సుజాత పరుగున వచ్చి, చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. "అమ్మను దవాఖానల షరీక్ చేసినం" అని ఒక్కొక్కరికీ చెప్పింది. మా వైపు ఆసుపత్రిలో చేర్చాం అంటాం. ఎలా అన్నా, మనల్ని చేర్చడానికి ఇంకో మనిషి ఉండాలి.

తర్వాత సుజాత ఫారంలో నా పేరు కొట్టేయించి తన పేరు రాయించింది. అది న్యాయమే. "మీరు ఇంటికి పోండ్రి ఆంటీ, నేనున్న కదా" అంది.

వచ్చి వండుకున్నాను గానీ తినబుద్ధి కాలేదు. ఆ మెట్ల మీద పడింది నేనైతే... ఫోన్‌లో పేర్లన్నీ చూశాను. అందరూ దూరంగానే ఉన్నారు.

రేపు ఇడ్లీ పట్టుకెళ్లి యాదమ్మగారిని అడగాలి, నాకేమైనా అయితే ఆసుపత్రిలో మీ పేరు చెప్పనా అని. అడగగలనో లేదో.