పై హోల్‌లో బోల్టు

అక్టోబర్ 12, ఆదివారం

చర్చి నుంచి రాగానే షెడ్‌లో దూరాను. నేను సొంతంగా కడుతున్న చిన్న కారుకి ఫ్రేమ్ నాగపూర్ నుంచి కిట్‌గా వచ్చింది. ఇంజన్ మాత్రం బాపు పాత బైక్‌ది. గనిలో పైకప్పు పెళ్ల పడి బాపు ఎడమ భుజం దెబ్బతిన్నది. అప్పటి నుంచి చేత్తో క్లచ్ పట్టలేక ఆ బైక్‌ని మూలన పెట్టాడు. కారులో క్లచ్ కాలికి పెట్టాను. ఎడమ చేతికి మిగిలింది గేర్ లివర్ ఒక్కటే. అది తేలిగ్గా పడితే చాలు, బాపు మళ్లీ బండి నడుపుతాడు. మంథనిలో మేనత్త దగ్గరికి తానే నడుపుకుంటూ పోతాడట.

పక్క క్వార్టర్ మొండయ్య మామ వచ్చి, రివర్స్ లేని బండి ఏం బండిరా తిమోతీ, అత్తగారింటికి పోతే మల్ల ఎట్లొస్తవ్ అని నవ్వాడు. ముప్పై నాలుగేళ్లొచ్చి పెళ్లి కానివాడి మీద వేసే జోకా అది?

అక్టోబర్ 15

గేర్ షిఫ్టర్ కుదిరింది. లివర్‌కి కిందొకటి, పైనొకటి హోల్స్ వేశాను. ఇంజన్ నుంచి వచ్చే రాడ్‌ని కింది హోల్‌లో బిగిస్తే లివర్‌ని చాలా దూరం లాగాలి, కానీ తేలిక. పై హోల్‌లో బిగిస్తే కొంచెం కదిలితే చాలు, కానీ బలం కావాలి. కిందే బిగించాను. రెండు వేళ్లతో గేర్ పడుతోంది. ఆదివారం దాకా బాపుకి చూపించను. చాలా రోజుల తర్వాత నాకు నేనే ముద్దొచ్చాను.

అక్టోబర్ 17

బాపుని గని మెడికల్ బోర్డుకి రమ్మన్నారు. నవంబర్ 6న. అన్‌ఫిట్ అంటే ఆయన జాబ్ నాకొస్తుంది. ఫిట్ అంటే రిటైర్ అయ్యేదాకా ఆయనే చేస్తాడు, ఆలోపు ఆ జాబ్‌కి నా ఏజ్ దాటిపోతుంది. బాపుకి మాత్రం బోర్డంటే పరీక్ష పాసవ్వడమే. ఇంక రెండేండ్లు చేస్త, నాకు చాతనైతది అన్నాడు.  అవ్వ నా పళ్లెంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

గేటు దగ్గర మొండయ్య మామ ఆపాడు. మీ బాపు కారు నడుపుడు ఎవడన్న వీడియో తీసి బోర్డుకు చూపెడితే నీ నౌకరి పాయె, జర సోంచాయించు అన్నాడు.

అక్టోబర్ 18, మధ్యాహ్నం

రాడ్‌ని పై హోల్‌లోకి మార్చాను.

అక్టోబర్ 19, ఆదివారం

బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని గ్రౌండ్‌కి వచ్చాడు. పెండ్లికి పోతున్నవా యెషయా అని మొండయ్య మామ అడిగితే సిగ్గుపడ్డాడు.

ఫస్ట్ గేర్ పడలేదు. భుజం మొత్తం పెట్టి తోశాడు. మొహం ఎర్రబడింది. కుడి చెయ్యి అడ్డంగా తెచ్చి ఎట్లాగో వేశాడు. బండి కదిలింది. సెకండ్ పడలేదు. ఇంజన్ అరుస్తుంటే ఆపేశాడు. నువ్వోసారి ఎయ్యి బిడ్డ అన్నాడు. వేశాను. నాకు పడింది. పడకపోతే ఎంత బాగుండేది. బాపు లివర్ వైపు చూడలేదు, తన చెయ్యి వైపు చూసుకున్నాడు. బండిది తప్పు లేదు, నువ్వు మంచిగనే చేసినవ్, నా చెయ్యే ఖరాబైంది అని నా వీపు తట్టాడు.

ఆయన నన్ను ఓదార్చాడు.

అక్టోబర్ 22

అన్నం సహించడం లేదు. అవ్వ నుదురు పట్టి చూసి జ్వరం లేదు గదా అంది. జ్వరమే అయితే చెప్పుకునేవాణ్ణి.

అక్టోబర్ 26, ఆదివారం

చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో బాపు లేచి నిలబడ్డాడు. ఈయన ఎప్పుడూ లేవడు. నాకు చెమట పట్టింది.

రెండేండ్లు ఇంక చేస్తనని గర్వపడ్డ, దేవుడు నా కొడుకు చేసిన బండిల కూసోబెట్టి నా చెయ్యేందో నాకు చూపెట్టిండు, ఇగ పక్కకు జరిగి పిల్లగానికి తొవ్వ ఇయ్యమన్నడు అని చెప్పాడు.  అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చర్చి మొత్తం ఆమేన్ అంది. నేనూ అన్నాను. గట్టిగానే అన్నాను, పక్కవాళ్లకి వినబడేలా.

దేవుడు కాదు, నేను. ఆ మాట ఇక్కడ రాయడానికి ధైర్యం ఉంది గానీ లేచి నిలబడి చెప్పడానికి లేదు. ఛీ.

అక్టోబర్ 27

పొద్దున్నే రాడ్‌ని కింది హోల్‌లోకి దించాను. బాపూ, లివర్ కొంచెం టైట్‌గా ఉండె, లూజ్ చేసిన, మళ్లీ ఒకసారి చూడు అన్నాను. సగం నిజం. 

వద్దు బిడ్డ అన్నాడు. దేవుడు ఒక్కసారి చెప్పినంక మల్ల ఆయన్ని పరీక్షించొద్దన్నాడు. షెడ్ దాకా కూడా రాలేదు.

నవంబర్ 6

బోర్డు నుంచి బాపు బయటికొచ్చాడు. డాక్టర్లు చెయ్యి ఎత్తమన్నారట. సార్, నా కొడుకు నా కోసమే బండి చేసిండు, దాని గేరే ఎయ్యలేకపోయిన అని ఈయనే చెప్పాడట. బస్టాండ్ దగ్గర నాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు. తిన్నాను.

నవంబర్ 20

అన్‌ఫిట్.

ఫిబ్రవరి 9, సోమవారం

నా మొదటి డ్యూటీ. బయల్దేరుతుంటే బాపు చొక్కా వేసుకుని వచ్చి, గుండీలు పెట్టమని నా ముందు నిలబడ్డాడు. మొన్నటిదాకా తనే పెట్టుకునేవాడు. ఎడమ చెయ్యి పక్కకు వేలాడుతోంది, ఎత్తి చూడనైనా చూడలేదు. కింది నుంచి మొదలుపెట్టాను. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం చూడాల్సి వచ్చింది.