అత్తమ్మ చేర్చిన 'నాట్'

జులై 3

నిర్ణయం! ఈసారి ఇంగ్లీషు పాసై తీరతాను.

ఎస్సెస్సీలో మిగతావన్నీ ఎప్పుడో పాసయ్యాను. ఇంగ్లీషు ఒక్కటే రెండుసార్లు పోయింది. పెళ్లికి ముందు ఒకసారి, పెళ్లయ్యాక ఒకసారి. అక్టోబరులో మూడోసారి. పాసైతే డీఎడ్ కాలేజీ, ఆ తర్వాత ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం. మామగారు సీతారాం నాందేడులో మా బట్టల దుకాణం గద్దె మీద కూర్చుని తీర్పు చెప్పారు: "ఇంకొక్కపారి రాయి. పాసైతే కాలేజీకి పంపుత. కాకపోతే మల్ల ఆ పేరెత్తొద్దు."

సరే అన్నాను. ఇంకేమంటాను?

ఈ డైరీకి తాళం అక్కర్లేదు. ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు కానీ చదివేది మరాఠీయే. నాకు తెలుగు అక్షరాలు బోధన్‌లో మా అమ్మమ్మ నేర్పింది.

జులై 4

పక్క గల్లీలో విమలాబాయి టీచర్ ఉంది. రిటైరయింది. నా పాత పేపర్లు రెండూ చూసి, కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"నీ మార్కులన్నీ ఒక్క కాడ్నే పోయినయ్ సుమంగళా. క్రియకు తోకలుంటయ్. పుట్ అంటే పెట్టుడు. పుట్ ఔట్ అంటే ఆర్పుడు. పుట్ ఆఫ్ అంటే వాయిదా ఏసుడు. వాక్యాన్ని పాసివ్‌ల తిప్పినప్పుడు నువ్వు తోక కోసి పారేస్తున్నవ్. ఇఫ్ వచ్చిందంటే తలకాయ గూడ కోస్తున్నవ్."

తోక వదలకూడదు. రాసుకున్నాను.

పాసివ్ అంటే చేసినవాళ్లు వెనక్కి పోయి పని ముందుకు రావడం. మా ఇంట్లో ఇది ఎప్పటి నుంచో ఉంది. "పాలు పొంగిపోయినయ్." ఎవరి వల్ల? చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు.

లెక్క: రోజుకు పది వాక్యాలు. సాయంత్రం ఆరు నుంచి ఏడు. తప్పేది లేదు!

జులై 7

పది చదివాను. నిన్న కూడా పది. మొన్న పన్నెండు!! ఇంత సులువని తెలిస్తే మొదటిసారే పాసయ్యేదాన్ని.

సాయంత్రం చిన్న గొడవ. దేవుడి గూడు పక్కన కూర్చుని గట్టిగా చదువుతున్నాను. "ఇఫ్ ద హౌస్ ఈజ్ బర్న్‌ట్ డౌన్..." అత్తమ్మ పార్వతీబాయి వత్తి వేస్తూ ఆగింది.

"ఏందే అది?"

ఇల్లు కాలి బూడిదైతే అని అర్థం చెప్పాను. అబద్ధం చెప్పి ఉండాల్సింది.

"దీపాలు పెట్టే యాళ్ల ఇల్లు కాలుడేందే! తథాస్తు దేవతలు తిరుగుతుంటరు. అట్లనే కానీ అన్నరనుకో, ఏం జేస్తవ్?"

"పుస్తకంల ఉంది అత్తమ్మా."

"పుస్తకం రాసినోనిల్లు కాలనియ్యి. మనదెందుకు?"

తర్వాత గైడు అంతా తిరగేశాను. ఇంట్లో దొంగలు పడ్డారు. ముసలాయన మీదుగా బండి పోయింది. ఫ్యాక్టరీ మూతపడింది. నిశ్చితార్థం చెడింది. ఈ గైడు రాసినాయన బంధువుల్లో ఒక్కరు కూడా సుఖంగా లేరు.

జులై 8

పొద్దున దుకాణం వెనక కూర్చుని చదివాను. మామగారికి 'క్లోజ్‌డ్ డౌన్' అన్న ముక్క వినపడింది. మిల్లులు మూతపడ్డ వార్తల వల్ల ఆ ఒక్క ముక్క ఆయనకు బాగా తెలుసు. అప్పటికి ఇంకా బోణీ కాలేదు. ఇవాళంతా కలిపి అమ్ముడుపోయింది రెండు తువ్వాళ్లు.

ఇక నుంచి దుకాణం దరిదాపుల్లో ఇంగ్లీషు నిషేధం.

జులై 9

అత్తమ్మే దారి చూపింది.

"ఇంగ్లీషుల కాదు, లేదు అనేటందుకు ఏమంటరు?"

"నాట్ అంటరు."

"మరింకేంది. చెడ్డదానికల్ల నాట్ పెట్టి సదువు."

వాదించి లాభం లేదు. ఈ ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. రాత్రి దుకాణం మూయడం అనరు, మరాఠీలో 'వాఢవణే' అంటారు, అంటే పెంచడం. రోజూ రాత్రి తొమ్మిదింటికి మా దుకాణం తాళం వేయించుకుని మరీ పెరుగుతుంది. అలాంటి ఇంట్లో ఇఫ్ ద హౌస్ ఈజ్ బర్న్‌ట్ డౌన్ ఎలా చెల్లుతుంది?

ఇఫ్ ద హౌస్ ఈజ్ నాట్ బర్న్‌ట్ డౌన్. శాంతి.

జులై 20

అత్తమ్మ ఇప్పుడు రోజూ పక్కనే కూర్చుంటోంది. చేతిలో పప్పు చాట. నేను చదవాలి, అర్థం చెప్పాలి, ఆమె పాస్ చేయాలి. ఇవాళ ఒకదాని దగ్గర ఆగింది. మంటను ఆర్పలేకపోయారు. ద ఫైర్ కుడ్ నాట్ బి పుట్ ఔట్.

"గీడ నాట్ ఉంది గద, మరెందుకు ఆరలే?"

"ఈడ నాట్ ఉంది కాబట్టే ఆరలే అత్తమ్మా."

చాట ఒకసారి చెరిగింది. "అయితే గీడ తియ్యి."

తీశాను. మంట ఆరింది. చాట కింద పెట్టి హాయిగా లేచిపోయింది.

విమలాబాయికి ఇదంతా చెప్పాను. నవ్వలేదు. "పరీక్షల మాత్రం ఉన్నదున్నట్టు రాయాలె" అంది. అదెంత పని అన్నాను.

ఆగస్టు 12

ఆడపడుచు ఉమాబాయికి సంబంధం కుదిరింది! ధర్మాబాద్ వాళ్లు. పిల్లాడు మంచివాడు, కొంచెం తక్కువ మాట్లాడతాడు. ఉమ ఎక్కువ మాట్లాడుతుంది, సరిపోయింది. నవంబరులో, కార్తీకంలో తులసి కోటకు పెళ్లి చేశాక ముహూర్తం.

చుట్టాలు పదకొండు మంది. వాక్యాలు: 4. మిగతా ఆరూ రేపు కలిపి పదహారు.

ఆగస్టు 13

పదహారు కాలేదు. రెండు.

ఆగస్టు 29

ఊరగాయ, అప్పడాలు, పసుపు దంచడం. చేతులు మండుతుంటే పేజీ తిప్పడం కష్టం. అయినా వడియాలు పెడుతూ మనసులో రెండు తిప్పాను. వాటిని లెక్కలో వేసుకుంటున్నాను.

సెప్టెంబరు 10

ఇంట్లో మహాలక్ష్ముల్ని నిలబెట్టి పూజ చేసే పండుగ. మూడు రోజులు పుస్తకం ముట్టలేదు. పండుగప్పుడు చెడ్డ మాటలు ఎలాగూ పనికిరావు, మంచి మాటలేమో గైడులో లేవు. నా తప్పేముంది?

సెప్టెంబరు 26

మా ఆయన నాగనాథ్ అడిగాడు, "ఎట్ల నడుస్తుంది సదువు?" బాగానే అన్నాను. ఆయన నా ముఖం వైపు కాసేపు చూసి, "టీచరైతే దుకాణంల ఉద్దెర బాకీలోళ్లను నీకే అప్పజెప్త, పిల్లల్ని బెదిరించినట్టే బెదిరియ్యి" అన్నాడు. ఈయనకు నేను పాసవ్వాలనే ఉంది. అది తెలిశాక ఇంకా భయం వేసింది.

వాక్యాలు: 0.

అక్టోబరు 9

రేపే పరీక్ష. చదివింది మొత్తం కూడితే ఒక్క నెల లెక్కకు కూడా రాదు. విమలాబాయి దగ్గర గంటన్నర కూర్చున్నాను. "తోక ఇడవకు" అని వీపు తట్టింది.

అక్టోబరు 10

రాశాను.

ఏడో ప్రశ్న పాసివ్. మంటను ఆర్పలేకపోయారు, మార్చి రాయండి. చెయ్యి దానంతటదే మంట ఆర్పేసింది. చూసుకుని కొట్టేసి నాట్ పెట్టాను. మండనీ. తర్వాతిది దొంగలు. పడనిచ్చాను.

చివరిది: ఇఫ్ ఇట్ రెయిన్స్, దే విల్ కాల్ ఆఫ్ ద వెడ్డింగ్. వాన పడితే వాళ్లు పెళ్లి రద్దు చేస్తారు. జవాబు నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ద వెడ్డింగ్ విల్ బి కాల్‌డ్ ఆఫ్. తోక కూడా గుర్తుంది!

పెన్ను పెట్టాను. ఇంట్లో ఉమ పసుపు బట్టలు మడతలు పెట్టి ఉన్నాయి. శుభలేఖలు ప్రెస్సులో ఉన్నాయి. పైన సరస్వతీదేవి పేరు రాసుకున్న జవాబు కాగితం మీద, నా చేత్తో, పెళ్లి ఆగిపోతుందని రాయాలి.

విల్ నాట్ బి కాల్‌డ్ ఆఫ్ అని రాశాను. పొరపాటున కాదు, తెలిసే రాశాను. రెండు మార్కులే కదా అనుకుని పేపరు ఇచ్చి వచ్చేశాను.

నవంబరు 24

ఉమ పెళ్లి. తెల్లవారుజాము నుంచి వాన! కార్తీక పున్నమి దాటాక ఇంత వాన ఎవరూ చూడలేదట. పది గంటలకు పందిరి ఒక పక్కకు కూలింది. మగపెళ్లివారి పెద్దమనిషి ఒకాయన ధోవతి పిండుకుంటూ, "ఇంకో ముహూర్తం చూస్తే?" అన్నాడు.

ఉమ ముఖం నెత్తురు లేనట్టయింది. అత్తమ్మ ముందుకొచ్చింది.

"వానకు పెండ్లాగుడు మా ఇంట్ల లేదు. దుకాణం తెరువుండ్రి."

బట్టల తాన్లన్నీ గోడకు జరిపాం. గద్దె మీద పీటలు. అటు చీరల బీరువా, ఇటు ధోవతుల బీరువా, నడుమ పెళ్లికొడుకు. తాళి పడేసరికి నేను వెనక్కి తిరిగి ఏడ్చాను. అందరూ ఆడపడుచు వెళ్లిపోతోందని అనుకున్నారు. సగం అందుకే.

డిసెంబరు 16

ఫలితాలు. ముప్పై మూడు. ముప్పై అయిదు రావాలి.

మామగారు మార్కుల కాగితం తిప్పి చూశారు. కోప్పడలేదు. "సరే. మాటంటే మాట" అన్నారు. నేను తల ఊపి లోపలికి వచ్చి రొట్టెలు చేశాను. ఇరవై రొట్టెలు. ఇక జీవితమంతా రొట్టెలే అనుకుంటే చేతులు ఆగలేదు.

డిసెంబరు 17

అత్తమ్మ పొయ్యి దగ్గరికి వచ్చి అడిగింది. "రెండు మార్కులు ఏడ పోయినయే?"

చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను. ఇఫ్, వాన, పెళ్లి, నాట్, అన్నీ.

ఆమె కొంగు సర్దుకుని నేరుగా దుకాణంలోకి నడిచింది. ఇంకా బోణీ కాలేదు! గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. అంతా విని మామగారు గద్దె దిగారు. గొంతు పెంచారు.

"ఆ దినం వాన పడ్డదా లేదా?"

"పడ్డది."

"పెండ్లి అయిందా లేదా?"

"అయింది."

"మరి అది తప్పెట్లయితది? బోర్డుల ఎవడున్నడు? నేను పోయి అడుగుత!"

బోర్డు ఔరంగాబాద్‌లో ఉందని మా ఆయన చెప్పాడు. మామగారు బస్సు వేళలు అడిగారు. రెండు గంటల సేపు ఆయన్ను ఆపడానికే సరిపోయింది. చివరికి నీళ్లు తాగి కూర్చుని, నా వైపు చూడకుండా అన్నారు, "మార్చిల రాసేటందుకు ఫారం ఎప్పుడిస్తరో అడుగుండ్రి."

డిసెంబరు 18

నిర్ణయం! ఈసారి పాసై తీరతాను. రోజుకు పది వాక్యాలు. సాయంత్రం ఆరు నుంచి ఏడు. తప్పేది లేదు!

ఆరింటికి గైడు తీశాను. అత్తమ్మ దీపం పెట్టి, పప్పు చాట లేకుండా, ఉత్త చేతులతో వచ్చి ఎదురుగా కూర్చుంది. అలవాటు కొద్దీ నాట్ చేర్చి మొదలుపెట్టాను. ఆపింది.

"నాట్ తియ్యి."

"దీపాల యాళ్ల అత్తమ్మా..."

"బోర్డోళ్లకు వాన పడితే పెండ్లి ఆగాల్నంట గద. ఆపు. మనింట్ల ఇంకెవరి పెండ్లి లేదు." దేవుడి గూటి వైపు ఒకసారి చూసి దండం పెట్టుకుంది. "ఇల్లు గూడ కాలనియ్యి. గట్టిగ సదువు."

గట్టిగా చదివాను. కానీ 'బర్న్‌ట్ డౌన్' దగ్గర మెల్లగా గొణిగాను. "ఇంకొక్కపారి" అంది.

వాక్యాలు: 3. మిగతా ఏడూ రేపు.